హాట్ హ్యాచ్‌కు మొదటి మార్పు: జె.సి. రోడ్డు నుంచి కుందలహళ్ళి దాకా

కొత్తగా కారు కొన్న కుర్రాడు మెకానిక్‌ని అడిగే మొదటి ప్రశ్న నలభై ఏళ్లుగా ఒకటే: "దీనికి ముందు ఏం చేయిద్దాం అన్నా?" జవాబు మాత్రం పదేళ్లకోసారి మారుతూ వచ్చింది. మారుతి 800 రోజుల్లో లైట్లూ హారనూ అన్నారు. జెన్, పాలియో రోజుల్లో ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ అన్నారు. పోలో వచ్చాక ల్యాప్‌టాప్ తెరిచారు. ఇవాళ తెలిసిన మెకానిక్ ఎవరైనా టైర్లూ బ్రేకులూ చూసి గానీ మరో మాట ఎత్తడు. బెంగళూరులో ఈ జవాబులను వరుసగా పేర్చి చూస్తే ఒక సంగతి తేలుతుంది. మొదటి మార్పును నిర్ణయించింది కుర్రాడి సరదా ఒక్కటే కాదు. కారు తయారుచేసినవాడు ఎక్కడ పొదుపు చేశాడు, ఢిల్లీలో ఏ పన్ను మారింది, ఇంటి ముందు రోడ్డు ఎలా ఉంది అన్నవే ఎక్కువగా నిర్ణయించాయి.

ఈ వరుసలో చివరి మజిలీ కుందలహళ్ళి. మారతహళ్ళికీ వైట్‌ఫీల్డ్‌కీ నడుమ, చెరువు పక్కన ఉన్న ఒకప్పటి పల్లె ఇది. 1990ల చివర్లో దగ్గరలోనే ఐటీపీఎల్ టెక్ పార్కు భవనాలు లేచాయి. ఏఈసీఎస్ లేఅవుట్, బ్రూక్‌ఫీల్డ్ నిండిపోయాయి. 2007లో ఊరు మహానగర పాలికెలో కలిసింది. ఆంధ్ర నుంచీ తెలంగాణ నుంచీ వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఈ చుట్టుపక్కల అద్దె ఇల్లు, ఆంధ్రా మెస్, శుక్రవారం రాత్రి ఊరెళ్లే బస్సు అన్నీ కాలినడక దూరంలో దొరుకుతాయి. మొదటి జీతాల్లో బైకు, నాలుగేళ్లకు కారు. ఆ కారు చిన్నదైనా పికప్ ఉన్నదై ఉండాలన్న కోరిక హాట్ హ్యాచ్ దగ్గరికి తీసుకెళుతుంది: చూడ్డానికి ఇంటిల్లిపాదీ ఎక్కే మామూలు బండి, బానెట్ కింద మాత్రం దానికి మించిన ఇంజిన్.

ఈ రకం కారు ఫ్యాక్టరీలో పుట్టలేదు, మార్పులు చేసే గ్యారేజీల్లో పుట్టింది. ఇటలీలో 1949లో సొంత సంస్థ పెట్టిన కార్లో అబార్త్, చిన్న ఫియట్ కార్లకు వేగం పెంచే సామాన్లను పెట్టెల్లో సర్ది అమ్మాడు. అతని సంస్థకు అన్నిటికన్నా పేరూ డబ్బూ తెచ్చింది మాత్రం సైలెన్సర్. బ్రిటన్‌లో జాన్ కూపర్ చేయి పడిన మినీ 1961లో మినీ కూపర్‌గా బజారుకొచ్చింది. ఫోక్స్‌వాగన్‌లో కొందరు ఇంజినీర్లు పనివేళలు దాటాక కూర్చుని గోల్ఫ్ కారుకు 110 గుర్రాల ఇంజిన్ తగిలించారు. ఆ గోల్ఫ్ జీటీఐని 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో పెట్టి, మరుసటి ఏడాది అమ్మకానికి తెచ్చారు. ఐదు వేలు అమ్ముడైతే చాలనుకున్నారు. ఆ మొదటి తరం ఒక్కటే నాలుగున్నర లక్షలు దాటింది.

అదే కాలంలో మన దేశంలో కొనడానికి ఉన్నవి అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్. వేగం కావాలనుకున్నవాళ్లు ఉన్న ఫియట్‌నే విప్పి, అరగదీసి, మళ్లీ బిగించుకునేవారు. మద్రాసు దగ్గర షోలవరం పాత విమాన పట్టీ మీద 1950లలో మొదలైన పందేలు దక్షిణాది మెకానిక్‌లకు బడి అయ్యాయి. బెంగళూరుకు ఇందులో ఒక సౌలభ్యం ఉంది. 1940లో విమానాల కర్మాగారంగా మొదలైన హెచ్ఏఎల్ చుట్టూ లేత్ పని తెలిసిన చేతులు పెరిగాయి. 1951లో వచ్చిన మైకో స్పార్క్ ప్లగ్గులూ డీజిల్ పంపులూ తయారుచేసింది. అదే ఇప్పటి బాష్. సిలిండర్ హెడ్ చెక్కాలన్నా, ఒక రాడ్ కొలత తేడా లేకుండా తిప్పాలన్నా ఆ పని చేయగలవాళ్లు ఊళ్లోనే దొరికేవారు. కర్ణాటక మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నడిపిన కె-1000 ర్యాలీ ఆ పనితనాన్ని మట్టిరోడ్ల మీద పరీక్షించేది.

సామాన్లకు రెండు చోట్లుండేవి. కొత్తవి కావాలంటే జె.సి. రోడ్డు, పాతవి కావాలంటే శివాజీనగర్ గుజిరి. తెలుగువాళ్లకు విజయవాడ ఆటోనగర్ ఎలాగో బెంగళూరు కారువాళ్లకు జయచామరాజేంద్ర రోడ్డు అలాగ. సీటు కవర్ నుంచి స్టీరింగ్ దాకా ఒకే వీధిలో దొరికేవి. బేరం ఆడకుండా కొన్నవాడికి ఎగాదిగా చూపులు తప్పేవి కావు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, నలభైకి లోపు గుర్రాలు. కాగితం మీద చిన్న ఇంజినే. కానీ బండి బరువు తక్కువ కాబట్టి అప్పటిదాకా ఫియట్ నడిపినవాడికి ఇది ఎగిరినట్టే ఉండేది. లోటు వేరేచోట ఉంది. చక్రాలు 12 అంగుళాలవి, టైర్లు సన్నవి, హెడ్‌లైట్లు మసక, హారన్ స్కూటర్ స్థాయిది. అందుకే ఆ తరం మొదటి ఖర్చు ఇంజిన్ మీద కాదు. లారీవాడికి వినపడే జంట హారన్లు, ఒక సైజు వెడల్పు టైర్లు, హాలోజన్ బల్బులు. ఆ మూడూ అయ్యాకే మిగతావి.

ఆ లైట్ల పనిని కొంచెం దగ్గరగా చూడాలి. పాత కార్లలో హెడ్‌లైటుకు వెళ్లే కరెంటంతా డ్రైవరు చేతి కిందున్న స్విచ్ గుండా, సన్నటి తీగల గుండా పోయేది. బ్యాటరీ దగ్గర 12 వోల్టులున్నా బల్బు చేరేసరికి కొంత కరిగిపోయేది. తెలియని ఎలక్ట్రీషియన్ 60/55 వాట్ల బల్బు తీసేసి 100/90 పెట్టేవాడు. వెలుతురు పెరిగేది, నెల తిరగకుండా స్విచ్ కరిగేది, ఎదురొచ్చేవాడు బూతులు తిట్టేవాడు. తెలిసినవాడు అదే బల్బు ఉంచి, బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగ లాగి, నడుమ రిలే పెట్టేవాడు. అప్పుడు స్విచ్ పని రిలేకి సైగ చేయడమే, బరువు మోసేది లావు తీగ. ఖర్చు తక్కువ, ఫలితం రాత్రి ప్రయాణంలో కనిపించేది. బల్బు మార్చేవాడికీ తీగ మార్చేవాడికీ ఉన్న ఈ తేడా తర్వాతి తరాల్లోనూ వేరే వేషాల్లో కనిపిస్తూనే వచ్చింది.

1993లో మారుతి జెన్ వచ్చింది. అల్యూమినియం ఇంజిన్, 50 గుర్రాలు, గుండ్రటి ఒళ్లు. కాలేజీ కుర్రాళ్లకు దేశంలో దొరికిన మొదటి పికప్ బండి ఇదే అనొచ్చు. ఆ దశాబ్దం చివర కాలుష్య నిబంధనలు బిగిశాయి, కార్బురేటర్లు పోయి, కంప్యూటర్ లెక్కన ఇంధనం చిమ్మే ఎంపీఎఫ్ఐ వచ్చింది. 2001లో ఫియట్ పాలియోతో పాటు దిగిన 1.6 లీటర్ల రకం వంద గుర్రాలతో సంచలనం రేపింది. దాని యజమాని పెట్రోలు బంకువాడికి చుట్టమయ్యేవాడు, కానీ ఆ ధరకు అంత బలం ఇచ్చే హ్యాచ్‌బ్యాక్ అప్పుడు మరొకటి లేదు. 2005 మే నెలలో వచ్చిన స్విఫ్ట్ 1.3 లీటర్లు, 87 గుర్రాలతో ఆ కోరికను మధ్యతరగతి ఇంటి గుమ్మం దాకా తెచ్చింది.

ఈ తరానికి ఇంజిన్ శ్వాసే మొదటి మార్పు. కాలిఫోర్నియాలో 1969లో మొదలైన కె అండ్ ఎన్ సంస్థ నూనె పూసిన నూలు ఫిల్టర్ ఒకటి, ఫ్రీ ఫ్లో అని పిలిచే ఖాళీ సైలెన్సర్ ఒకటి. ఫిల్టర్ గాలిని ఎక్కువగా రానిస్తుంది, సైలెన్సర్ పొగను త్వరగా పోనిస్తుంది, నడుమ ఇంజిన్ బలపడుతుంది అన్నది లెక్క. లెక్క తప్పు కాదు, ఫలితమే చిన్నది. టర్బో లేని ఇంజిన్ గాలిని తన పిస్టన్లతోనే పీల్చుకోవాలి. ఈ రెండు మార్పులకూ వచ్చేది నూటికి నాలుగైదు గుర్రాలు, అదీ ఇంజిన్ అరిచే వేగాల్లో. సిగ్నళ్ల మధ్య నడిచే బండికి కింది వేగాల్లో లాగుడు కొంచెం తగ్గేది కూడా. అయినా అమ్మకాలు ఆగలేదు. గుర్రాలు కనిపించకపోయినా చప్పుడు వినిపించేది.

ఆ దశలో ఢిల్లీ నుంచి ఒక మలుపు వచ్చింది. 2006-07 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం చిన్న కార్ల ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. షరతులు రెండు: పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు, ఇంజిన్ పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకూడదు. ఆ ఒక్క గీతతో పెద్ద పెట్రోల్ ఇంజిన్ ఉన్న చిన్న కారు గిట్టుబాటు కాని సరుకైంది. స్విఫ్ట్ 1.3 ఇంజిన్ 2010లో 1.2 అయింది. అదే ఏడాది 1.6 లీటర్ల ఇంజిన్‌తోనూ వచ్చిన పోలో ఆ రకాన్ని ఎక్కువ కాలం నిలుపుకోలేదు. ఇంజిన్ పెంచే దారి మూసుకుంది, దానిలోకి గాలిని బలవంతంగా తోసే దారి తెరుచుకుంది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ శ్లాబులు మారినప్పుడూ ఈ 1200, 1500, నాలుగు మీటర్ల గీత చెక్కుచెదరలేదు. మన హాట్ హ్యాచ్ ఆకారాన్ని గీసిన చేతుల్లో ఆర్థిక శాఖది పెద్ద చెయ్యే.

టర్బో రుచి చూపించింది డీజిల్. ఫియట్ 1.3 మల్టీజెట్ ఇంజిన్‌తో 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్‌కు 190 ఎన్ఎం లాగుడు ఉండేది. దానికి గ్యారేజీలు కనిపెట్టిన మొదటి మార్పు చిన్న పెట్టె. ఇంధనపు పీడనం ఎంతుందో ఇంజిన్ కంప్యూటర్‌కు చెప్పే సెన్సర్ తీగ మధ్యలో దాన్ని తగిలిస్తారు. ఉన్నదానికన్నా పీడనం తక్కువని పెట్టె అబద్ధం చెబుతుంది, కంప్యూటర్ నమ్మి పీడనం పెంచుతుంది, డీజిల్ ఎక్కువ పడుతుంది. సర్వీసుకు వెళ్లేముందు పీకేసి డిక్కీలో దాచుకోవచ్చు కూడా. బెంగళూరు సంస్థ రేస్ డైనమిక్స్ డీజిల్‌ట్రానిక్ పేరుతో ఇలాంటి పరికరాన్ని ఇక్కడే తయారుచేసి అమ్మింది. మైకో పంపులు తయారుచేసిన ఊళ్లోనే పంపులను నడిపే కంప్యూటర్‌ను ఏమార్చే సామానూ తయారైంది.

2013 ఏప్రిల్‌లో పోలో జీటీ టీఎస్ఐ వచ్చింది. 1.2 లీటర్ల టర్బో పెట్రోల్, 105 పీఎస్ (గుర్రాలు), 175 ఎన్ఎం, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేరుబాక్సు. 1200 సీసీ గీతకు లోపలే ఉండి ఇంత బలం తీసిన ఈ కారుతో మార్పుల కథ జె.సి. రోడ్డు వదిలి ఐటీ దారి పట్టింది. టర్బో ఇంజిన్ బలం ఇనుములో ఎంతుందో సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే ఉంటుంది. టర్బో ఎంత పీడనంతో ఊదాలి, నిప్పురవ్వ ఎప్పుడు పడాలి అన్న పట్టికలు కంప్యూటర్‌లో ఉంటాయి. కంపెనీ వాటిని చెత్త పెట్రోలుకూ మండుటెండకూ బద్ధకస్తుడైన యజమానికీ సరిపడేలా, జాగ్రత్త కోసం తగ్గించి రాస్తుంది. ఆ పట్టికలను తిరగరాయడమే రీమ్యాప్. స్టేజ్ వన్ అనే మొదటి మెట్టుకు స్పానర్ ముట్టక్కర్లేదు, బండి కంప్యూటర్‌తో మాట్లాడే ఓబీడీ సాకెట్‌కు ఒక కేబులు తగిలిస్తే చాలు. లాభం మాత్రం ఫిల్టర్ ఇచ్చే నాలుగైదు శాతం కాదు, ఇరవై పైమాటే. పగలంతా కోడ్ రాసే కుందలహళ్ళి కుర్రాడికి ఈ భాష విడమరిచి చెప్పనక్కర్లేదు.

అయితే పిండి కొద్దీ రొట్టె. పీడనం పెరిగినకొద్దీ పెట్రోలు ముందే అంటుకుని ఇంజిన్ నాక్ అయ్యే ప్రమాదం పెరుగుతుంది. అందుకే రీమ్యాప్ చేయించినవాడు మామూలు పెట్రోలు వదిలి ఎక్కువ ఆక్టేన్ ఉన్నది వెతుక్కుంటాడు. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో వంద ఆక్టేన్ పెట్రోలు తెచ్చింది కానీ దాని ధర జేబుకు చిల్లే. జీటీలోని డీఎస్‌జీకి పొడి క్లచ్‌లుంటాయి. ఆ గేరుబాక్సు గరిష్ఠంగా ఓర్చుకునేది 250 ఎన్ఎం. ఇక వారంటీ సంగతి. తిరగరాసిన పట్టికలు కనిపిస్తే ఫోక్స్‌వాగన్ తన రికార్డుల్లో ఆ బండికి టీడీ1 అనే గుర్తు వేస్తుంది. అది ఒకసారి పడితే ఇంజిన్, గేరుబాక్సు వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. పెట్టెను డిక్కీలో దాచినట్టు దీన్ని దాచలేరు.

మార్పుల సరదాలో డబ్బుందని ఈలోపు కంపెనీలకూ అర్థమైంది. 2015 అక్టోబరులో ఫియట్ అబార్త్ పుంటో వచ్చింది: 145 గుర్రాలు, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు, పది లక్షల లోపు. సైలెన్సర్ల అబార్త్ పేరు అరవై ఏళ్ల తర్వాత పుణె దగ్గర తయారైన కారు మీదికి చేరింది. 2017లో బలెనో ఆర్ఎస్, 2018లో టియాగో జేటీపీ వచ్చాయి. ఈ రెండోదాని వెనకున్నది కోయంబత్తూరు. పందేల డ్రైవరుగా పేరు తెచ్చుకున్న జె. ఆనంద్ సంస్థ జయెం, టాటాతో కలిసి 114 పీఎస్ టర్బోను చిన్న టియాగోలో కూర్చోబెట్టి 6.39 లక్షలకు ఇచ్చింది. షోలవరం తరం గ్యారేజీ విద్య షోరూం దాకా నడిచొచ్చిందన్నమాట. కానీ కొనేవాళ్లు చాలినంతమంది లేరు. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేసరికి బలెనో ఆర్ఎస్, జేటీపీ రెండూ ఆగిపోయాయి, 2022లో పోలో కూడా సెలవు తీసుకుంది. 120 పీఎస్ ఐ20 ఎన్ లైన్ 2021లో, అంతే బలమున్న ఆల్ట్రోజ్ రేసర్ 2024లో వచ్చి ఆ ఖాళీలో కొంత నింపాయి. ఎన్ లైన్‌కు సైలెన్సర్ చప్పుడు కూడా కంపెనీయే శ్రుతి చేసి ఇచ్చింది.

మరోపక్క చట్టం దగ్గరపడింది. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అద్దాలకు నల్ల ఫిల్ములు వద్దంది. జె.సి. రోడ్డులో అప్పటిదాకా కొత్త కారుకు మొదటి గంటలో జరిగే పని ఒక్క తీర్పుతో నేరమైంది. 2019 జనవరి 9న కేరళ నుంచి వచ్చిన కేసులో, తయారీదారు నమోదు చేయించిన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని అదే కోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను గట్టిగా చదివింది. అదే ఏడాది సెప్టెంబరు నుంచి అలాంటి ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చప్పుడు సైలెన్సర్‌కు శబ్ద కాలుష్యం కింద వేరే లెక్క ఉంది, మొదటిసారికే పదివేల దాకా జరిమానా. బీమా కంపెనీకి చెప్పకుండా చేయించిన మార్పు, ప్రమాదం జరిగిన రోజున సర్వేయర్ చేతికి ఆయుధమవుతుంది.

చట్టం చెప్పని కొన్ని పాఠాలు కుందలహళ్ళి రోడ్లు చెప్పాయి. గ్రాఫైట్ ఇండియా ఫ్యాక్టరీ 2019లో మూతపడేదాకా చుట్టుపక్కల బాల్కనీల మీదా కార్ల మీదా నల్లటి మసి పరుచుకునేది. నివాసులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి దాన్ని ఆపించుకున్నారు. 2022 సెప్టెంబరు వానలకు మహదేవపుర ప్రాంతం మునిగి కార్లు నీళ్లలో తేలాయి. చల్లగాలి కోసం బంపర్ కిందికి దించిన ఎయిర్ ఇన్‌టేక్ అలాంటి రోజున గాలికి బదులు నీటిని పీలుస్తుంది. నీరు నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున మెల్లగా లేచి పది సెంటీమీటర్ల ఎత్తు చేరాలి. కాలనీ వీధుల్లో అదే ఎత్తు అడుగు వెడల్పులోనే లేచేస్తుంది. స్ప్రింగులు కోసి బండి దించినవాడికి ప్రతి వీధి మలుపులోనూ కడుపు గీరుకునే చప్పుడే. టియాగో జేటీపీని తయారుచేసినవాళ్లు మామూలు టియాగో కన్నా 4 మిల్లీమీటర్లే దించి ఊరుకున్నారు.

అందుకే ఇవాళ్టి జవాబు టైర్ల దగ్గర ఆగింది. పోలో జీటీతో వచ్చిన టైరు 185/60 ఆర్15. అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ అందులో అరవై శాతం, 111. చక్రంతో కలిపి మొత్తం ఎత్తు 603. దానికి 195/60 వేస్తే 615 అవుతుంది, రెండు శాతం తేడా. స్పీడోమీటర్ వంద చూపినప్పుడు బండి 102లో ఉంటుంది. ఇంతవరకు పరవాలేదు. చూడ్డానికి బాగుందని 205/65 ఎక్కిస్తే ఎత్తు 647 దాటుతుంది, ఏడు శాతం పైన. ఫెండర్ లోపల రాసుకుంటుంది. పైగా ఒక్కో గేరూ పొడవైపోయి, రీమ్యాప్‌తో కొన్న పికప్‌లో కొంత టైరే మింగేస్తుంది.

తర్వాతది బ్రేకు ద్రవం. కుందలహళ్ళి నుంచి చిత్తూరు, తిరుపతి వెళ్లేవాళ్లు హోస్కోటె, కోలారు, ముళబాగిలు దాటి పలమనేరు తర్వాత మొగిలి ఘాట్ దిగుతారు. లారీల వెనక బ్రేకు మీద కాలుంచి దిగే దారి అది. కొత్త డాట్ 4 ద్రవం 230 డిగ్రీల దాకా మరగదు. అదే ద్రవం గాలిలోని తేమ పీల్చి పాతబడితే 155 దగ్గరే మరగవచ్చు. గొట్టంలో ఆవిరి బుడగ చేరితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రెండేళ్లకోసారి ద్రవం మార్పించడానికి అయ్యే ఖర్చు ఒక కె అండ్ ఎన్ ఫిల్టర్ ధరలో చిన్న వంతు. కొన్న వారంలోనే ఇది చేయించమని, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ పోలో కొన్నవాళ్లకు, అనుభవమున్న మెకానిక్‌లు చెబుతారు. ఆ తర్వాత ప్యాడ్లు, అలైన్‌మెంట్. రీమ్యాప్ వారంటీ తీరాక.

ఇక్కడిదాకా వచ్చాక 2025 మే నెలలో ఫోక్స్‌వాగన్ ఆ అసలు గోల్ఫ్ జీటీఐనే 53 లక్షలకు భారత్‌కు దింపింది. 265 పీఎస్, తొలి విడత 150 కార్లు, ధర ప్రకటించేలోపే అయిపోయాయి. దానికి ఫిల్టరూ సైలెన్సరూ లైట్లూ బ్రేకులూ దేనికీ కొరత లేదు. కొరత ఉన్నదల్లా 18 అంగుళాల చక్రం చుట్టూ ఉన్న రబ్బరుకే. 225/40 టైరు పక్క గోడ 90 మిల్లీమీటర్లు, మారుతి 800కి వచ్చిన 145/70 టైరుకు అది నూటొకటిన్నర. గుంతలో పడితే టైరు ఉబ్బడం, అల్లాయ్ వంగడం మొదటి భయం కాబట్టి, 17 అంగుళాల చక్రాలకు దిగి పక్క గోడ పెంచుకోవడం ఇలాంటి బండికి తెలివైన మొదటి మార్పు అవుతుంది. చిన్న చక్రాల మారుతిని పెద్దవాటికి మార్చుకోవడానికి జె.సి. రోడ్డులో వరుస కట్టిన ఊరు, ఇప్పుడు పెద్ద చక్రాలు తీసి చిన్నవి వేయించుకోవడానికి లెక్కలు వేస్తోంది.